లోపలికి ముడుచుకున్న కన్ను

నేను ఒక నకలుని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక. జర్మనీవాళ్ళు చేసిన కెమెరాని రష్యావాళ్ళు విప్పి చూసుకుని, అలాంటివే తమ చలిదేశంలో చేసుకున్నారు. వాటిలో నేనొకదాన్ని. నన్ను బిగించినావిడ చేతులకి ఉన్ని తొడుగులు, ముక్కుకి జలుబు. నా మరల్లో కొంచెం మొరటుతనం ఉందంటే అది ఆ జలుబు పుణ్యమే.

నా తీరు కాస్త చెప్పాలి. లేకపోతే తరవాత జరిగింది మీకు బోధపడదు. చూసేవాడు పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తాడు. అందులో ఎదుటి మనిషి ఒక్కడే ఇద్దరిలా కనబడతాడు. లెన్సు చుట్టూ ఉన్న ఉంగరం తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికొచ్చి ఒకడైపోతారు. అప్పుడు మీట నొక్కాలి. అయితే బొమ్మ గీసేది ఆ కిటికీ కాదు, కింద ఉన్న లెన్సు. కిటికీలో అంతా చక్కగానే ఉంటుంది, కింద లెన్సు నిద్రపోతూ ఉండవచ్చు. ఆ సంగతి కిటికీ చెప్పదు. మనుషులు కిటికీనే నమ్ముతారు.

విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఒక రష్యా ఇంజనీరు మెడలో వేలాడుతూ ఈ దేశం వచ్చాను. ఆయన సముద్రం ముందు తనని, కొబ్బరిచెట్టు ముందు తనని, గుడి ఏనుగు ముందు తనని తీయించుకున్నాడు. సముద్రాన్ని విడిగా ఎప్పుడూ తియ్యలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు భార్యకి రెండు పట్టుచీరలు, ఒక జీడిపప్పు పొట్లం పుచ్చుకుని, నన్ను గాజువాకలో స్టూడియో పెట్టుకున్న గవరయ్య చేతిలో పెట్టి పోయాడు.

గవరయ్య మాట పొదుపు మనిషి. పెళ్ళిళ్ళకీ ఓణీల వేడుకలకీ నన్ను తిప్పాడు. అక్కడ మనుషుల్లో నేను చూసిన వింత ఒకటుంది. పెద్దవాళ్ళకి బతికుండగా ఫోటో దిగాలంటే భయం, ఆయుష్షు తగ్గిపోతుందని. చచ్చాక మాత్రం దినం నాటికి దండ వెయ్యడానికి ఫోటో కావాలి. అప్పుడు కొడుకులు ఏ పెళ్ళి గుంపులోంచో ఆ తల వెతికి పట్టుకొచ్చేవారు. గవరయ్య ఆ తలని పెద్దది చేసి, కోసి, ఇంకో ఒంటికి అతికించి రంగులద్దేవాడు. బతికినన్నాళ్ళూ ముతకచీర దాటని ముసలమ్మలు మా స్టూడియోలో చచ్చాక పట్టు కట్టారు. కొడుకులు ఆ చీర చూసి కళ్ళు తుడుచుకునేవారు, తామే కొనిపెట్టినట్టు.

గవరయ్య కొత్త కెమెరా కొనుక్కున్నాక నేను అద్దాల కిటికీలో అలంకారాన్ని అయ్యాను. అక్కడ నన్ను చామర్తి విశ్వపతిగారు చూశారు. బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన, ఇల్లు పెదవాల్తేరులో. పాత కెమెరాలంటే ప్రాణం. ఫోటోలంటే అంత కాదు.

ఆయన బీరువాలో నాలాంటివాళ్ళం అరల నిండా ఉన్నాం. నేను ఎవరికి నకలునో ఆ జర్మనీ దొర పై అరలో, జపాను వాళ్ళు మధ్యలో, నకలుని కాబట్టి నేను కింద. ప్రతి ఆదివారం సుదర్శనంగారనే పళ్ళ డాక్టరు వచ్చేవారు. ఇద్దరూ కలిసి ఒక పాత పేపరు గోడకి మేకులతో కొట్టి, ఒక్కో లెన్సు మార్చి దాన్నే తీసేవారు. తరవాత ఆ ప్రింట్లు బల్ల మీద పరిచి భూతద్దాలు పట్టుకునేవారు. జపాను లెన్సు బ్లేడులా కోస్తుందని ఒకరు, జర్మనీ లెన్సు వెన్నలా కరుగుతుందని ఒకరు. రష్యా లెన్సుకి ఎండ తగిలితే కళ్ళు బైర్లు కమ్ముతాయని ఇద్దరూ. ఆ పేపరు శ్రద్ధాంజలి ప్రకటనల పేజీ. పోయినవాళ్ళ ముక్కు అంచు ఏ లెన్సులో ఎంత తేటగా ఉందో కొలిచేవారు గానీ, ఆ ముక్కు ఎవరిదని ఏ ఆదివారమూ అడగలేదు.

ఆ ఇంట్లో పనిచేసే ఎరుకమ్మ ఒకనాడు బల్ల తుడుస్తూ ఆగింది.

"బాబుగారూ, మాయమ్మ బొమ్మ ఒకటి తీసిపెట్టండి. ఆవిడికి ఎక్కడా బొమ్మ నేదు. రేపు పోతే దండ దేనికేస్తాం?"

ఎరుకమ్మ తల్లి పేరు సన్యాసమ్మ. మొగుడు రేషన్ కార్డుకి ఫోటో దిగిన నెలకే పోయాడట. అప్పటి నుంచీ పెళ్ళిళ్ళలో కెమెరా కనబడితే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. గుంపు ఫోటోల్లో కూడా ఆమె తల లేదు, గవరయ్యలాంటివాడు కోసుకుందామన్నా. ఈ మధ్య నీరసపడింది. కూతురు ఏడ్చి, అలిగి, అన్నం మానేసి ఒప్పించుకుంది.

విశ్వపతిగారు సంతోషించారు. ముసలమ్మ కోసం కాదు, ముడతల కోసం. అన్ని ముడతలున్న ముఖం మీద లెన్సుల తేడా ఇట్టే తెలిసిపోతుందని సుదర్శనంగారు కూడా ఉత్సాహపడి బయల్దేరారు.

కొండవాలులో రేకుల ఇల్లు. ఎరుకమ్మ తల్లికి తలంటి, నూనె రాసి దువ్వి, పసుపుపచ్చ చీర కట్టి గుమ్మం ముందు మంచం మీద కూర్చోబెట్టింది. పొద్దుటెండ సన్యాసమ్మ ఎడమ చెంప మీద పడుతోంది. గవరయ్య అయితే అప్పుడే నొక్కేసి టీ తాగేవాడు.

"ఒక్కపాలే బాబూ," అంది సన్యాసమ్మ. "రెండోపాలి టిక్కుమన్నాదంటే నేను లేసి ఎల్లిపోతాను."

ఒక్కసారే అనేసరికి మిత్రులిద్దరికీ పెద్ద చిక్కొచ్చింది. మూడు కెమెరాలు తెచ్చారు. ఏది? జపానుది ముడతల్ని మరీ ఎత్తి చూపిస్తుందన్నారు డాక్టరుగారు. జర్మనీ దొరకి మీట బిగుసుకుపోయింది. ఇక మిగిలింది నేను. నాకైనా నా లెన్సు ఉంచాలా, వేరేది పెట్టాలా? చెంప మీద ఎండ మెడ మీదికి జారింది. సన్యాసమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, కూతురి కేసి ఓరగా చూసింది.

"ఆళ్ళు దెబ్బలాడుకుంటన్నారేటే? నా మూలానేటి?"

"నీ మూలాన కాదులేమ్మా. అద్దాల మూలాన."

చివరికి సుదర్శనంగారు చొక్కా జేబులోంచి తన పాత జర్మనీ లెన్సు తీశారు. అది వాడనప్పుడు తాబేలు తలలా లోపలికి ముడుచుకుంటుంది. బయటికి లాగి, తిప్పి బిగిస్తేనే దానికి చూపు. జేబులో ఉంది కనక ముడిచే ఉంది. నాకు తగిలించింది విశ్వపతిగారు. డాక్టరుగారు లాగే ఇచ్చి ఉంటారని ఆయన అనుకున్నారు. తగిలించినాయన లాగుతారని ఈయన అనుకున్నారు. ఏ లెన్సు వెన్నో, ఏది బ్లేడో చెప్పగలిగిన ఇద్దరూ అది తెరుచుకుందో లేదో చూడలేదు. చూడ్డానికి కిటికీ ఉందిగా. కిటికీలో ఇద్దరు సన్యాసమ్మలు దగ్గరికొచ్చి చక్కగా ఒకరయ్యారు.

టిక్కుమన్నాను.

"అయిపోనాదా," అని ఆమె మంచం దిగి చీపురు వెతుక్కుంది.

ప్రింటు వచ్చింది. పాలలో పసుపు ఒలికినట్టు ఒక మసక. విశ్వపతిగారు లెన్సు పట్టుకుని చూస్తే అది ముడిచే ఉంది. కానీ వాళ్ళ ఫోటో సంఘంలో ఎవరో దాన్ని చూసి, వృద్ధాప్యం వెలుగులో కలిసిపోవడం అంటే ఇదేనన్నారు. ఇంకొకాయన ఇది ఏ లెన్సు గొప్పతనమని అడిగి పేరు రాసుకున్నాడు. ఆ ఏడు బహుమతి దానికే ఇచ్చారు. అబద్ధం చెప్పనవసరం లేకుండా ఊరికే ఉంటే సరిపోయే చోట మనిషి ఎంత హాయిగా ఊరుకుంటాడో ఆ రోజు చూశాను.

దాన్ని ఫ్రేము కట్టించి ఒకటి ఎరుకమ్మకీ ఇచ్చారు. ఆమె ఇలా తిప్పింది, అలా తిప్పింది.

"ఇందులో మాయమ్మ ఎక్కడున్నాది బాబుగారూ?"

చూడవలసింది ముఖం కాదని, వెలుగని ఆయన చెప్పారు.

"ఎలుగుకి దండ ఎక్కడెయ్యాలండీ?"

విశ్వపతిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇంకోసారి తీస్తాననలేదు. ముసలమ్మ మళ్ళీ కూర్చోదని ఇద్దరికీ తెలుసు.

తరవాతి సంగతి నేను చూడలేదు. ఎరుకమ్మ బీరువా తుడుస్తూ విశ్వపతిగారి భార్యకి చెబుతుంటే విన్నాను. ఆ ఫ్రేము చూసి సన్యాసమ్మ దగ్గొచ్చేదాకా నవ్విందట. "సూసినావా, దానికి నేను దొరకనేదు," అందట. కెమెరా ఏమీ లాక్కోలేదన్న ధీమా వచ్చేసింది. ఎరుకమ్మ మొగుడు నూకరాజు ఆటో నడుపుతాడు. ఎవరో ఆటోలో మరిచిపోయిన ప్లాస్టిక్ కెమెరా ఒకటి అతని దగ్గర ఉంది. తిప్పడానికి ఉంగరం లేదు, పోల్చడానికి పేరు లేదు. నొక్కడమొక్కటే. "నువ్వూ తియ్యి అల్లుడా, ఏటౌతాదో సూద్దాం," అని నవ్వు ఆగకుండానే ఎదురుగా నిలబడిందట. ఒక మూల నూకరాజు వేలు పడింది, వెనక తీగ మీద ఆరేసిన లుంగీ పడింది. మధ్యలో సన్యాసమ్మ, ఊడిన పళ్ళతో సహా, నిలువెల్లా పడింది.

వానల్లో ఆమె పోయింది. దినం నాడు దండ ఆ ఫోటోకే వేశారు. వేలు పడిన మూలని బంతిపూలు కప్పేశాయి.

విశ్వపతిగారి ఆదివారాలు నడుస్తూనే ఉన్నాయి. బహుమతి తెచ్చినందుకు నన్ను పై అరకి ఎక్కించారు, జర్మనీ దొర పక్కకి. డాక్టరుగారు ఆ లెన్సుని నాకే వదిలేశారు. అది ఇప్పటికీ లోపలికి ముడుచుకునే ఉంది.

నిన్న ఎరుకమ్మ నా నెత్తి మీద దుమ్ము తుడిచి, బీరువా తలుపు వెయ్యబోతూ ఆగింది. పైనుంచి కిందిదాకా అరలన్నీ చూసింది.

"ఇన్ని కళ్ళున్నాయమ్మగారూ ఇందులో. ఒక్కదానికీ మాయమ్మ కనబడనేదు."