గడప దగ్గర రాణి

మగ్గం మీది నుంచి కోసి వాకిట్లో పరిచిన ఇరవై అడుగుల జంపఖానాను చూసి శ్యాంసుందర్ నెత్తి పట్టుకున్నాడు.

"ఉల్టా నేసినవ్ గద సోమక్కా! ఒకటో బొమ్మ పైన ఉండాలె. నువ్వు అడుగున పెట్టినవ్."

సోమక్కకు ముందు అర్థం కాలేదు. వరంగల్ కొత్తవాడలో ముప్పై ఏళ్లుగా మగ్గం ముందు కూర్చుంటోంది. హనుమకొండ నుంచి వచ్చిన ఈ ఎగుమతి సేటు ఐదు బొమ్మల కాగితాలు ఇచ్చి, వరుసగా నేయమన్నాడు. ఒకటోది ముందు నేసింది, రెండోది తర్వాత. ఇన్నేళ్లూ నేసిన గళ్లకూ చారలకూ పైనా కిందా తేడా లేదు. నేసింది నేసినట్టు దోనె కర్రకు చుట్టుకుపోతుంటే ఎవరు మాత్రం చూశారు?

"తిప్పి ఏస్తే అయిపాయె గద," అన్నాడు అవతలి కొసన నిలబడ్డ వెంకట్రాజం. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసిన మొగుడు.

"తిప్పితే బొమ్మల్ల రాణి తలకిందులైతది మామా," అంది కోడలు హారిక.

ఆర్డరు ఇంగ్లండ్‌లోని ఒక పాత జాగీరుది. వాళ్లు పంపిన చరిత్రను డిగ్రీలో చరిత్రే చదివిన హారిక రెండు నెలలు మగ్గం పక్కన కూర్చుని తెలుగులో చెప్పింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కింద ఒక రాణి ఆ నేలను కత్తి పట్టిన సన్యాసులకు దానమిచ్చింది. వాళ్లు గోధుమలు పండించి, దూలాలతో పెద్ద గాదె కట్టి, దూరదేశపు యుద్ధాలకు పైకం పంపారు. తర్వాత ఒక రాజు వాళ్లను సంకెళ్లేసి జైల్లో పెట్టాడు. జాగీరు దవాఖాన నడిపే వేరే సన్యాసుల చేతికి పోయింది. వాళ్ల దగ్గర్నుంచీ ఇంకో రాజు గుంజుకున్నాడు. ఇప్పుడది చూడవచ్చే పిల్లలది.

"సన్యాసులకు కత్తులెందుకే?" అని వెంకట్రాజం నవ్వేవాడు. సోమక్క మాత్రం ఇనుప దువ్వెన లాంటి పంజాతో పోగులు దిగగొడుతూ, "రాజులు పోయిండ్రు, సన్యాసులు పోయిండ్రు. గాదె నిలబడ్డది. ఆ దూలాలు చెక్కిన వడ్లోళ్లు ఎవరో గనీ గట్టోళ్లు" అనేది.

"వారంల ఓడ ఎక్కాలె," అన్నాడు శ్యాంసుందర్. "మళ్ల నేసే టైం లేదు. వాళ్లు వాపస్ పంపిండ్రంటే కొత్తవాడ మొఖం మళ్ల చూడరు. అప్పుడు అందరు నీ పేరే చెప్తరు."

ఆ మాట సోమక్కకు సూటిగా తగిలింది. ఇంతవరకు ఆమె నేసింది ఒక్కటీ వాపస్ రాలేదు.

"ఇది గోడకు ఏలాడేస్తరా సేటూ, నేల మీద పరుస్తరా?"

"నేల మీదనే. ఆ గాదెలనే."

"అయితే బూట్లు విడువు. ఈ కొస గడప అనుకో. లోపలికి రా."

శ్యాంసుందర్ విసుక్కుంటూనే సాక్సులతో అడుగేశాడు. కాళ్ల ముందు రాణి. ఇంకో నాలుగడుగులకు గాదె. హారిక పక్కన నడుస్తూ చెబుతోంది. సంకెళ్ల దగ్గర అతని నడక తగ్గింది. నల్లటి రంగు మీద దవాఖాన సన్యాసుల తెల్ల శిలువ దాటి, పిల్లల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఎన్కటిది ముందు తగుల్తది. ఇయ్యాల్టిది కొసకు," అంది సోమక్క. "గోడ మీది క్యాలెండరా పైనుంచి కిందికి చదవనీకి?"

అతను ఫోన్ తీశాడు. ఇంగ్లండ్‌లో అప్పుడే పొద్దెక్కుతోంది. గడప నుంచి నడిచే సంగతి హారిక చెప్పగానే, జాగీరును చూసుకునే తెల్లామె వీడియోలో జంపఖానాను ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చూపించమంది. తర్వాత తన ఫోన్ పట్టుకుని గాదె పెద్ద తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి మెల్లగా నడిచింది. ఆ దూలాలను సోమక్క కళ్లారా చూసింది.

తెల్లామె ఇంగ్లీషులో గబగబా ఏదో అంది.

"మా గోడల మీది చరిత్ర రాసిన బోర్డులు ఎవ్వరూ చివరిదాకా చదవరు, దీని మీద మాత్రం నడవక తప్పదు అంటాంది అత్తమ్మా," అంది హారిక. "ఈ ఆలోచన ఎవరిది అని అడుగుతాంది."

"మా సోమక్కది!" అన్నాడు శ్యాంసుందర్, అంతసేపూ తానే వాదించినట్టు.

"అబద్ధం చెప్పకు సేటూ. ఆలోచన గీలోచన ఏం లేదు. మేం ముందుది ముందు నేస్తం, అంతే. గట్లనే చెప్పు హారికా."

హారిక అదే చెప్పింది. తెల్లామె పకపకా నవ్వింది. అంచు మీద నేసినవాళ్ల పేర్లు కుట్టి పంపమంది.

సోమక్క సూదిలో ఎర్ర దారం ఎక్కించింది. తన పేరు కుట్టింది, పక్కన వెంకట్రాజం పేరు కుట్టింది, కింద కొత్తవాడ అని కుట్టి దారం కొరికింది. అంతలో ఏదో గుర్తొచ్చి తలెత్తింది.

"ఇంకో మాట రాయి బిడ్డా ఆమెకు. రాణి అయినా ఎవలైనా సరే, దీని మీద చెప్పులు విడిచే నడవాలె."