ఆటోలో పెట్టిన స్టార్టరు

‘నీ తీగ కోసేస్తాండా. పోలీసోళ్లకు చెప్పలేదు, దోస్తువని. ఇంక తిట్టుకో.’

గోరంట్ల నుంచి వస్తూ దారిలో బండి ఆపి, సైఫుల్లా పంపిన ఆ మెసేజి చదివాడు రామాంజి. గుండె గుభేలుమంది. తీగ పోతుందని కాదు. స్టార్టరు ఆటోలో ఉంది!

ఆటోలో పెడితే కరెంటు రాగానే బోరు మోటారు దానంతటదే తిరుగుతుంది. అడవిపందుల కోసం శెనక్కాయ చేను చుట్టూ లాగిన తీగను రామాంజి ఆ స్టార్టరుకే కలిపాడు. మోటారు తిరిగిందంటే తీగలోనూ కరెంటే. పొద్దున రావాల్సిన కరెంటు వంతు నిన్నటి నుంచి సాయంత్రానికి మారింది, అంటే ఇంక కాసేపట్లో వచ్చేస్తుంది. సెల్‌ఫోన్ల అంగట్లో కూర్చునే సైఫుల్లాకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఫోను చేశాడు. ఎత్తలేదు. ఎత్తుతాడా, నిన్న అంత గొడవయ్యాక!

“చేను పోతే నా కొంప మునుగుతాది. నువ్వొచ్చి కూడు పెడతావా?” అన్నాడు తను.

“కావలి కాసుకో, తరుముకో. నోరులేని జీవాన్ని సంపే హక్కు నీకెవరిచ్చినారప్పా?” అన్నాడు సైఫుల్లా. వాడంతే. బక్రీదు నాడు ఇంట్లో బిర్యానీ కూడా ముట్టడు. వాళ్లమ్మ సైదాబీ తిట్టి తిట్టి వదిలేసింది.

“పో! మళ్లా నా చేని గట్టు తొక్కొద్దు!”

తొక్కొద్దంటే తొక్కనే తొక్కాడు, మొండిఘటం!

చేనిదారిలో బండి ఎగిరెగిరి పడుతుంటే వాడు కనిపించాడు. చేతిలో కటింగ్ ప్లయరు. కాళ్లకు చెప్పుల్లేవు, గట్టు కింద విప్పి పెట్టాడు. పైరులోకి చెప్పులతో దిగొద్దని చిన్నప్పుడు రామాంజి నాయన సుంకన్నే ఇద్దరికీ నేర్పాడు. పాడు అలవాటు, ఇవాళే గుర్తుండాలా!

“సైఫూ! ముట్టొద్దురా!”

సైఫుల్లా తలెత్తి చూశాడు. తన్నడానికి వస్తున్నాడనుకుని ఇంకా తొందరగా వంగాడు.

రామాంజి బండి పడేసి స్టార్టరు పెట్టె వైపు ఉరికాడు. అంతలోనే పక్క చేనిలో తిప్పయ్య మోటారు గుర్రుమంది. కరెంటు వచ్చేసింది. తన మోటారు కొంచెం ఆగి ఎత్తుకుంటుంది. ఆ కొంచెమే మిగిలింది. పెట్టె మీద పడి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

గట్టు మీద టక్కుమని చప్పుడైంది.

వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది. తిరిగాడు. సైఫుల్లా తెగిన తీగ కొన పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిప్పయ్య మోటారు వైపు చూస్తున్నాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

రామాంజి వెళ్లి చెంప పగలగొట్టాడు. ఆ వెంటనే వాణ్ణి పట్టుకుని భోరుమన్నాడు.

సైఫుల్లా ఆ పట్టు విడిపించుకున్నాడు. “పందయితే ఇట్లా ఉరికేవాడివా?”

“ల్యా. ఉరికేవాణ్ణి కాదు.” రామాంజి మొహం తుడుచుకుని తీగ చుట్టడం మొదలుపెట్టాడు. “జాలిపడి తీస్తాండాననుకోవద్దు. నీ మాదిరి పిచ్చోడు ఇంకోడొస్తే మళ్లా ఉరకలేను. అంతే.”

“మరి పందులొస్తే?”

“కావలి కాయమన్నావు కదా? ఈడనే పడుండు. కాయ పీకేదాకా నువ్వూ నేనూ రాత్రంతా డబ్బా కొట్టి పందుల్ని తరమాల్సిందే.”

సైఫుల్లా సరేనన్నాడు. చెంప తడుముకుంటూ రెండో కొన నుంచి తీగ చుట్టుకుంటూ వచ్చాడు.