షెడ్డుకెళ్ళిన గొంతు

శనివారం సాయంత్రమైతే ఆ పేటలో ఎవరూ ముఖ్యమైన మాట పెట్టుకోరు. అద్దె గొడవైనా, మొగుడూ పెళ్ళాల పోట్లాటైనా పగలే తేల్చుకుంటారు. ఎందుకంటే సాయంత్రం షెడ్డులో ఓపెన్ మైక్. అక్కడ ఎవరైనా ఒకరి గొంతుని అచ్చుగుద్దినట్టు అనుకరిస్తే, ఆ గొంతు అసలు మనిషిని వదిలి షెడ్డుకి వెళ్ళిపోతుంది. జనం నవ్వు ఆగాక తిరిగొస్తుంది. ఈలోగా ఆ మనిషి సైగలతో నెట్టుకురావాలి. వానొస్తే గొడుగేసుకున్నట్టే ఇదీను.

షెడ్డంటే ఒకప్పుడు పరుపులు కుట్టిన షెడ్డు. పేటవాళ్ళే సున్నం కొట్టి, గోడలకి పిల్లల బొమ్మలు తగిలించి, ఓ మూల కుండలు చేసే చక్రం, ఓ మూల తీగ తెగిన గిటారు పెట్టి, బోర్డు మీద పెద్ద పేరు రాయించారు. ఆ పేరుకి నోరు తిరక్క అందరూ షెడ్డనే అంటారు. ఇప్పటికీ దూలాల మీంచి దూది రాలుతుంది. గాయకులు సరిగ్గా పై స్థాయి అందుకునేసరికి దగ్గొస్తుంది. పాటగాళ్ళు తగ్గి మిమిక్రీ వాళ్ళు పెరగడానికి అదే కారణమని ఒక వాదన ఉంది. నిర్వహణ అంతా రిటైరైన డ్రిల్లు మాస్టారిది. మనిషికి ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఈల. ఎంతటి కవి అయినా ఆ ఈలకి అటెన్షన్లో నిలబడాల్సిందే.

అక్కడ అందరికంటే పేరున్నవాడు చెప్పుల షాపులో పనిచేసే తమ్ముడు. ముప్ఫై దాటినా ఊరందరికీ తమ్ముడే, ఎందుకంటే వాళ్ళక్క ఊరందరికీ అక్క. అక్క బస్టాండులో అనౌన్సరు. అమ్మానాన్నా పోయాక ఆ గొంతుతోనే వాణ్ణి పెంచింది. వాడు షెడ్డులో చేసే మొదటి ఐటమ్ కూడా ఆ గొంతే. 'ప్రయాణికులకు గమనిక. మా తమ్ముడు స్నానాల గదిలోకి వెళ్ళి గంటైంది. బకెట్టు ఖాళీ అయినందున బయలుదేరవలసిందిగా కోరుచున్నాము' అనేవాడు. జనం పొట్ట పట్టుకునేవాళ్ళు. శనివారం సాయంత్రాలు డ్యూటీ పెట్టుకోని అక్క ఇంట్లో నోరు మూసుకుని బట్టలు మడతపెట్టుకునేది.

ఇన్నేళ్ళూ ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఇప్పుడు పర్మనెంటు చేస్తారట, పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చి గొంతు విని వెళతాడట. రద్దీలోనే వింటానన్నాడు. రద్దీ అంటే శనివారం సాయంత్రం. రోజు మార్చమని అక్క అడిగితే, "మీ పేట కోసం బస్సులు ఆపమంటావా అమ్మా?" అన్నారు. తప్పితే ఆ సీటు ఇంకొకరికి.

"ఈ ఒక్క శనివారం నన్ను చెయ్యకురా తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను," అంది అన్నం వడ్డిస్తూ.

"అబ్బ, సరేలే అక్కా. నువ్వు తప్ప నాకు వేరే ఐటమే లేదనుకున్నావా?"

"జనం అడుగుతారురా."

"అడిగితే అడగనీ. నా నోరు నాదేగా!"

ఆ శనివారం పొద్దున పాలబూత్ ఆవిడ అక్కని ఆపి మరీ చెప్పింది, "నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందమ్మా" అని. సాయంత్రం షెడ్డులో ముందు వరసలో కూర్చున్నదీ ఆవిడే.

తమ్ముడు మాట మీదే ఉన్నాడు, మొదట్లో. ఇస్త్రీ ఆయన్ని చేశాడు. ఆ గొంతు అందరూ రోజూ వినేదే, చప్పట్లు చలిలో చేతులు రుద్దుకున్నట్టు పడ్డాయి. వెనకెవడో ఆవులించాడు. అప్పుడు పాలబూత్ ఆవిడ మెల్లిగా అంది, "అక్క." పక్కవాళ్ళు అందుకున్నారు. "అక్క! అక్క!" ఆ వేళ అక్కకేం జరుగుతోందో తెలియనివాళ్ళు ఆ షెడ్డులో ఒక్కరూ లేరు.

తమ్ముడు మైకు పట్టుకుని నేల చూశాడు. తల ఎత్తేసరికి గొంతు మారిపోయింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ ఒక్క శనివారం నన్ను చెయ్యకురా తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను."

నవ్వులకి షెడ్డు పగిలిపోయింది. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు పాపం. కానీ నవ్వే నోటితో ఈల ఎలా ఊదుతారు?

అదే సమయానికి బస్టాండు గదిలో మైకు మీది ఎర్ర దీపం వెలిగింది. అక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏమైందీమెకి?" అన్నాడు అధికారి.

"గొంతు షెడ్డుకెళ్ళింది సార్," అన్నాడు గుమాస్తా.

"ఎప్పుడొస్తుంది?"

"నవ్వు ఆగాక సార్."

కాసేపు చూశారు. బస్సులు చెప్పేవాళ్ళు లేకుండానే వచ్చి వెళ్ళాయి. అధికారి పెన్ను మూసి లేచాడు.

మామూలుగా అయితే అన్నం వేళకి గొంతు ఇల్లు చేరేది. ఈసారి ఎవరో వీడియో తీశారు. అది ఫోన్లలో పడి ఊళ్ళు దాటింది. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు. అక్క గొంతు తమ్ముడిలోనే ఉండిపోయింది. వాడి సొంత గొంతు దాని అడుగున ఎక్కడో ముడుచుకుపోయింది.

"నేనేం చెయ్యనక్కా?" అన్నాడు వాడు, ఆమె గొంతుతోనే ఏడుస్తూ. అక్క కంచంలో అన్నం పెట్టింది.

అధికారీ వీడియో చూశాడు. మనకి కావలసిన గొంతు ఇదేగా అని తమ్ముడికి పర్మనెంటు ఉద్యోగం ఇచ్చాడు. పేటవాళ్ళు అక్కని పరామర్శించడానికి వచ్చారు. "పోన్లే, ఉద్యోగం ఇంట్లోనే ఉందిగా," అంది పాలబూత్ ఆవిడ. అక్క సమాధానం కోసం మాత్రం ఎవరూ ఆగలేదు.

నెలలు గడిచాయి. ఎవడో నిచ్చెన మీంచి పెయింటు డబ్బాలో పడ్డ వీడియో వచ్చింది. జనం అటు మళ్ళారు.

ఒక మధ్యాహ్నం అక్క తమ్ముడికి క్యారియర్ తెచ్చి, అద్దాల గదికి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. గొంతులో ఏదో కదిలింది. "ఆ" అంది. వినిపించింది! అంతే, పైన స్పీకర్లో మాట మధ్యలో తెగింది. "గమనించవలసిందిగా..." తర్వాత తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు ఒక కీచు. తమ్ముడు రెండు చేతులా మెడ పట్టుకుని అద్దంలోంచి అక్క వైపు చూశాడు. పక్కన తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. తమ్ముడి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మళ్ళీ తెరుచుకుంటోంది. కళ్ళు దణ్ణం పెడుతున్నాయి.

రెండు ఊపిర్లు ఓర్చుకుంటే చాలు, గొంతు పూర్తిగా ఆమెది. అది ఆమెకి తెలుసు. కానీ ఆ ముఖం! షెడ్డులో జనం నవ్వు ఎందుకు ఆపుకోలేకపోయారో ఆ క్షణాన అక్కకి అర్థమైంది.

పగలబడి నవ్వింది. ఆ నవ్వు మొదట ఆమె సొంత గొంతుతో బస్టాండంతా మోగింది. సగంలో చప్పుడు ఆగిపోయింది. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

స్పీకర్లో ఆమె గొంతు తేటగా, స్పష్టంగా, ఆగిన చోటు నుంచి అందుకుంది. "...కోరుచున్నాము. మీ బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫాం మీదకి వచ్చుచున్నది."