గురిగిలో బోనం

బతికి బయటపడితే కుండెడు బోనం ఎత్తుకొస్తానని రాజమ్మ ఖాజాగూడ పోచమ్మకు మొక్కుకుంది. పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, డాక్టర్లు మలం పోవడానికి పొట్ట మీదే దారి తీసి సంచీ తగిలించారు. బతికింది. సంచీకి అలవాటు పడి, ఆఫీసులో ఊడ్చే పనికి మళ్లీ వెళ్లింది. అక్కడ బుద్ధి గడ్డి తిని నీళ్ల క్యాను ఎత్తింది. కొన్నాళ్లకే సంచీ పక్కన బత్తాయంత ఉబ్బు తేలింది.

“హెర్నియా. కుట్టినా మళ్లీ రావచ్చు. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి కోత వద్దు,” అంది డాక్టరమ్మ. “బెల్టు కట్టుకోండి, బరువులు ఎత్తకండి. బాగా నొప్పి చేసినా, వాంతులైనా, సంచీలోకి ఏమీ రాకపోయినా వెంటనే వచ్చేయండి.”

బోనాల నెల ఆషాఢం వచ్చింది. దేవతకు హెర్నియా సంగతి ఎవరు చెప్పాలి?

“బోనం నేనెత్తుకుంట అత్తమ్మా,” అంది కోడలు జ్యోతి.

“మొక్కింది నేను. నువ్వెత్తుకుంటే అది నీ మొక్కైతది.”

“గంత బరువెత్తి మళ్ల దవాఖాన్ల పడ్తవా?”

రాజమ్మ మొండిదే గానీ తెలివితక్కువది కాదు. కుండ పక్కన పెట్టించి, అరచేతిలో పట్టే బుల్లి మట్టి గురిగి తెప్పించింది. అందులో పిడికెడు బెల్లపన్నం, చుట్టూ పసుపు కుంకుమ, వేపరెమ్మ, పైన దీపం. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఉబ్బు సర్దుకున్నాక బెల్టు బిగించుకుంది. పెళ్లినాడు కూడా ఇంతసేపు ముస్తాబు కాలేదు. గురిగిని జ్యోతే ఆమె నెత్తిన పెట్టింది.

గుడి ముందు వరుసలో అన్నీ పెద్ద కుండలే. పక్కింటి కొమురమ్మ నోరు ఊరుకుంటుందా?

“ఏందే రాజమ్మా, కుండెడు మొక్కి గురిగి తెచ్చినవా? అమ్మనే మోసం చేస్తవా?”

అందరూ తిరిగి చూశారు. రాజమ్మకు సిగ్గుతో కళ్లు చెమర్చాయి. జ్యోతి చేతిలో గురిగి పెట్టేసి, ఎవరి కుండైనా లాక్కుని ఎత్తుకుందామన్నంత కోపం వచ్చింది. కానీ రాజమ్మ గురిగి దించకుండానే కొమురమ్మ వైపు తిరిగింది.

“పెద్దదెత్తుకుంటే ఈ ఒక్క ఏడు వస్త. చిన్నదైతే ఏటేటా వస్త. అమ్మకు ఏది కావాల్నో నువ్వే అడుగు, కొమురమ్మా.”

కొమురమ్మ తన కుండను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముందున్న ఆడవాళ్లను తట్టింది.

“జర జరుగుండ్రి. ముందుగాల రాజమ్మను పోనియ్యుండ్రి.”