వంకాయ రంగు స్టెప్నీ

నేను ఒక రిమ్మును. పాత తెల్ల కారులో స్టెప్నీ చక్రానిది. ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఇంటి యజమాని ఏడుకొండలు, ఆయన తల్లి ఆదెమ్మ, కొడుకు తిరుమలేశు, పదో తరగతి చదివే కూతురు హైమ, టౌను నుంచి పిలిపించిన పెయింటర్ జిలానీ. నన్ను లెక్కలో వేసుకున్నవాళ్లు ఎవరూ లేరు.

ఫ్యాక్టరీలో నాతోపాటు మరో నలుగురు పుట్టారు. అదే ఇనుము, అదే అచ్చు. వాళ్లు రోడ్డెక్కారు, నేను డిక్కీ ఎక్కాను. మొదటి యజమాని ఒక లెక్చరరు, నా మీద కూరగాయల సంచి పెట్టేవాడు. రెండో ఆయన సిమెంటు బస్తా పెట్టాడు. తర్వాత తిరుమలేశు కొన్నాడు. కారు ఎత్తు తగ్గించి దాదాపు నేలకు ఆనేలా దించాడు, సైలెన్సరు మార్చి ఊరంతా ఉలిక్కిపడేలా చేశాడు. ఇక మిగిలింది రిమ్ములకు రంగు.

"నలుపు కొట్టన్నా," అన్నాడు జిలానీతో.

"తెల్లబండికి నలుపేందిరా, ఏడ్చినట్టుంటది. బంగారం రంగెయ్యమను," అన్నాడు తండ్రి.

తలుపు చాటు నుంచి హైమ మెల్లగా అంది: "అన్నా, వంకాయ రంగు బాగుంటది."

"నువ్వు నడుపుతావా ఏంది? లోపలికి పో," అన్నాడు తిరుమలేశు.

మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. ఎడమ పక్క బంగారం, కుడి పక్క నలుపు. "రెండు పక్కలా ఒకేసారి ఎవడు చూస్తాడ్లే," అన్నాడు ఏడుకొండలు. ఇంత తెలివి మనుషులకే ఉంటుంది.

"మరి స్టెప్నీకి?" నన్ను డిక్కీలోంచి బయటికి తీసి అడిగాడు జిలానీ.

"దానికెందుకన్నా. డిక్కీలో పడుండేదేగా," అన్నాడు తిరుమలేశు.

ఆ మాట నాకు తగిలింది. తలుపు చాటున ఉన్న పిల్లకీ తగిలింది.

వాళ్లు అన్నాలకు కూర్చున్నాక హైమ బయటికొచ్చింది. జిలానీ డబ్బాల్లోంచి ఎరుపు, నీలం కొంచెం కొంచెం కొబ్బరి చిప్పలో పోసి పుల్లతో కలిపింది. ఎద్దుల కొమ్ములకు రంగేసే కుంచె తెచ్చింది. నట్ల కన్నాల చుట్టూ కూడా వదలకుండా వేసింది. పుట్టాక నన్ను అంతసేపు చూసినవాళ్లు లేరు.

తిరుమలేశు వచ్చి చూశాడు. "ఎవర్నడిగి వేశావే?"

"దానికి రంగెందుకన్నావుగా," అంది నేల చూస్తూ. "మీకక్కర్లేని దానికి నాకిష్టమైంది వేశా."

"జిలానీ అన్నా, దీనిమీద నలుపు కొట్టు."

హైమ తల ఎత్తింది. నాకు అడ్డంగా నిలబడింది. "కొట్టిస్తే నీ నల్ల చక్రాలకీ ఇదే పూస్తా. చిప్పలో ఇంకా ఉంది."

అరుగు మీద ఆదెమ్మ నవ్వింది. "పూస్తదిరా. అది నా పోలిక."

జిలానీ తన సామాను సర్దుకున్నాడు. తిరుమలేశు విసురుగా నన్నెత్తి డిక్కీలో బోర్లా పడేశాడు. హైమ వంగి నన్ను వెల్లకిలా తిప్పింది. పచ్చిరంగు ఆమె అరచేతులకు అంటింది. అతను మళ్లీ తిప్పబోయి, చొక్కాకు అంటుతుందని ఆగిపోయాడు.

చీకట్లో రంగులుండవని అతని నమ్మకం. నాకు చూసేవాళ్లతో పని లేదు. మిగతా నాలుగింటివీ తగువు తెగక వేసిన రంగులు. నాది ఒకరు కావాలని వేసింది. నేను బోర్లా పడుకోను. నలుపు కొట్టించుకోను. నేనూ చక్రాన్నేనని ఇంకా చెబుతుండగానే, అతను నా మీద డిక్కీ తలుపు ధడాలున మూసేశాడు.