కమ్మీ చాటున మా ఆయన

పెళ్ళయ్యాక నాకో కొత్త రోగం పట్టుకుంది. ఎక్కడున్నా మా ఆయన కోసం వెతుక్కోవడం. ఎంత గుంపులో ఉన్నా సరే, ఒక భుజం కాస్త వంచి నడిచే ఆ నడక నా కళ్ళకి ఇట్టే దొరికిపోతుంది. పొద్దున్నే బైకు మీద ఆయన వెనక కూర్చుని ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం దాకా వెళ్తాను. అక్కణ్ణుంచి మా ఆఫీసు నాలుగడుగులు. రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ కాస్త దారే. బ్రేకు వేసినప్పుడల్లా నా హెల్మెట్టు ఆయన హెల్మెట్టుకి టక్కుమని తగులుతుంది. "మళ్ళీ గుద్దావా?" అని ఆయన, "మీరే ఆపారు!" అని నేను. రోజూ అదే గొడవ, రోజూ అదే నవ్వు.

ఆ మంగళవారం కూడా అలాగే బయల్దేరాం. మా వీధి చివర ఒక అడ్డవీధి వచ్చి కలుస్తుంది. అటునుంచి తెల్లటి వ్యాను వస్తోంది. దాని ఒంటి మీద గోధుమ కంకి బొమ్మ. దూరంనుంచే గుర్తుపట్టేశాం. మా వదినది, అంటే మా ఆయన సొంత అక్కది. బేకరీలో దిగిన రొట్టెలు వేడివేడిగా దుకాణాలకి చేరవేయడం ఆవిడ పని. ఆవిడ వ్యాను పక్కనుంచి వెళ్తే చాలు, వీధంతా కమ్మటి వాసన.

"అక్కోయ్!" అంటూ మా ఆయన సంబరంగా చెయ్యెత్తారు. వేగం తగ్గించలేదు. సొంత అక్క వస్తుంటే ఎవరైనా ఎందుకు తగ్గిస్తారు? నేనూ చెయ్యూపాను. వ్యాను కూడా తగ్గలేదు. తగ్గుతుందిలే అనుకున్నాం ఇద్దరం. అది నేరుగా మా ముందుకి వచ్చేసింది.

ఆయన బ్రేకు నొక్కారు. బైకు పక్కకి జారింది, దానితో పాటు మేమూ జారాం. వ్యాను కీచుమంటూ ఆగింది. నేను లేచి కూర్చుని ముందు ఆయన్ని చూసుకున్నాను. మోచెయ్యి గీరుకుపోయింది, కానీ నన్నే వెతుక్కుంటున్నారు. నా హెల్మెట్టుకి ఒక పక్కంతా రంగు లేచిపోయింది. అది తల మీద లేకపోతే లేచిపోయేది రంగు కాదు.

వదిన వ్యానులోంచి దూకినట్టే దిగింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డార్రా మీరు?"

"ఊడిపడ్డమేంటే! నీకు చెయ్యి కూడా ఊపాను కదా!"

"నేను చూశాను. ఒట్టు. ఇటు చూశాను, అటు చూశాను. రోడ్డు మీద పురుగు లేదు."

ఇంటికొచ్చాక అత్తయ్య మా గాయాలకి మందు రాస్తూనే కూతుర్ని కడిగేసింది. "సొంత తమ్ముణ్ణే తొక్కెయ్యబోయావు కదే! కళ్ళెక్కడ పెట్టుకు నడిపావు?"

మామూలుగా అయితే ఒక మాటంటే వదిన నాలుగు అప్పజెబుతుంది. ఆ రోజు మాత్రం గోడకి ఆనుకుని, తన అరచేతులు తనే చూసుకుంటూ కూర్చుంది. చివరికి, "శనివారం తాళాలు ఇచ్చేస్తానని బేకరీలో చెప్పేశానమ్మా," అంది.

"అదేంటక్కా! ఏమీ కాలేదుగా మాకు?"

"చిన్నప్పణ్ణుంచి చూస్తున్న మొహం నాకు కనబడలేదురా. ఇక ముక్కూ మొహం తెలీనివాళ్ళ గతేంటి? రోజూ ఎన్ని బండ్లు నా ముందునుంచి పోతాయో తెలుసా?"

ఆ వ్యానంటే ఆవిడకి ఎంత ప్రాణమో మాకు తెలుసు. పాత రెండు చక్రాల బండి మీద పెట్టెలు కట్టుకుని తిరిగే రోజుల్లోనే ఎప్పటికైనా వ్యాను నడపాలని నేర్చుకుంది. ముందు సీటుకి తనే కుట్టిన పూల గలేబు తొడిగింది. ఇప్పుడు ఆ సీటు మాట ఎత్తితేనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

మా ఆయనకి తోచిన ఉపాయం తన దుకాణం. మర్నాడు వదినని తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేయించారు. నేను కూడా వెళ్ళాను, మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ. వదిన అట్ట మీది అక్షరాలన్నీ గబగబా చదివేసింది. ఆ అడుగున చీమతలకాయలంత ఉన్న వరసని కూడా వదల్లేదు. ఆ కింద అచ్చువేసినవాడి పేరు కూడా చదవబోతే డాక్టరు చాలన్నాడు.

"నీ కళ్ళు నా కళ్ళకన్నా బావున్నాయే అక్కా!" అన్నారు మా ఆయన మురిసిపోతూ.

వదిన మొహం ఇంకా వాడిపోయింది. "బాగోకపోతేనే బావుండేదిరా. కళ్ళజోడు పెట్టుకుని బండెక్కేదాన్ని. ఇప్పుడు దేనికి మందు వెయ్యను, నా బుర్రకా?"

శనివారం మధ్యాహ్నం వ్యాను అప్పజెప్పేముందు శుభ్రం చేస్తానని మా ఇంటి ముందు ఆపింది. వెనక పెట్టెలు దించి, రొట్టె పొడి ఊడుస్తోంది. గలేబు అప్పటికే విప్పి మడత పెట్టేసింది. "మరదలా, ముందు అద్దం లోపల తుడిచిపెట్టవే," అంది నావైపు చూడకుండా. నేను డ్రైవరు సీట్లో కూర్చుని గుడ్డ పట్టుకున్నాను. తుడవడం పేరుకే. మా ఆయన మెకానిక్కు దగ్గర్నుంచి బైకు తెచ్చుకునే వేళ. మలుపు దగ్గరే ఉంది నా చూపంతా.

మలుపులో కనబడ్డారు. నా గుండె ఎప్పటిలాగే చిన్న గంతు వేసింది. ఆ తర్వాత లేరు.

వీధి ఖాళీ. బైకు చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. ఏ ఇంటిముందైనా ఆగారేమో అనుకుంటున్నాను. చప్పుడు ఇంకా దగ్గరైంది. ఉన్నట్టుండి తలుపు పక్కనే ప్రత్యక్షం.

"ఏంటలా నోరు తెరుచుకుని చూస్తున్నావు?"

"మీరు ఎటునుంచి వచ్చారు?"

"ఎదురుగానే! నిన్ను చూస్తూనే వచ్చాను."

"నా మొహం కనబడిందా?"

ఆయన ఆలోచించారు. "గుడ్డ ఊపే చెయ్యి కనబడింది... మొహం... లేదు. ఏదో అడ్డం ఉంది."

నేను తల ఒక్క జానెడు ముందుకి వంచాను. ముందు అద్దానికీ తలుపు అద్దానికీ మధ్య, పైకప్పుని మోసే ఇనుప కమ్మీ ఉంది. నా ముంజేతి కన్నా ఏమంత లావు లేదు. దాని చాటునే ఇంత బైకూ, దాని మీద ఇంత మనిషీ, మలుపు దగ్గర్నుంచి నా పక్కకి వచ్చేదాకా ఇమిడిపోయారు. అదీ నాకు! వెయ్యిమందిలోనైనా ఆయన్ని పట్టుకోగల నాకు!

"వదినా!" అని వీధంతా వినబడేలా అరిచాను.

వదిన నమ్మలేదు. "పోవే. ఇంత పుల్ల వెనక వీడు దాక్కున్నాడా? సన్నగా ఉన్నాడని నేనే అంటాను గానీ, మరీ అంత కాదులే."

"ఆగి ఉంటే సరే. కదిలే బండిలో ఎందుకు కనబడడు?" అని కూడా అడిగింది. అది నాకూ తెలీదు. చేసి చూడాల్సిందే.

బేకరీ వెనక ఖాళీ మైదానం ఉంది. మధ్యలో ఒక ఖాళీ రొట్టెల పెట్టె పెట్టాం. అదే మా కూడలి. వ్యాను ఒక మూలనుంచి, బైకు ఇంకో మూలనుంచి, నడకంత వేగంతో, ఇద్దరూ పెట్టెవైపే రావాలి. పెట్టెకి చాలా ముందే ఇద్దరూ ఆగిపోవాలి. నేను వదిన పక్క సీట్లో కూర్చున్నాను. వదినకి తాళం తిప్పడానికే చాలాసేపు పట్టింది.

వ్యాను కదిలింది. "అదుగో వదినా, వస్తున్నారు," అన్నాను.

"ఎక్కడే?"

"అదుగో! మీ తమ్ముడు! బైకు మీద!"

"ఎక్కడే బాబూ? ఖాళీగా ఉందంటే!"

ఇద్దరం ఒకే అద్దంలోంచి చూస్తున్నాం. నాకు ఆయన హెల్మెట్టూ, చొక్కా గుండీలూ కూడా కనబడుతున్నాయి. వదినకి వట్టి మైదానం. బైకు ముందుకొచ్చిన కొద్దీ వ్యానూ ముందుకెళ్తోంది. రెండూ సమానంగా కదులుతుంటే కమ్మీ కూడా ఆయనతో పాటే నడుస్తున్నట్టు ఉంది.

"ఆపండి వదినా!"

ఆపింది. తల ముందుకి వంచింది. కమ్మీ వెనకనుంచి మా ఆయన బొమ్మలా బయటపడ్డారు. మేం ఆగడం చూసి ఆయన కూడా ఆగి, అక్కకి చెయ్యూపుతూ ఉన్నారు.

వదిన స్టీరింగు మీద తల పెట్టేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ముందు అర్థం కాలేదు. రెండూ చేస్తోంది. "దొంగవెధవ. ఇక్కడా దాక్కున్నావు?"

ఆయన దిగి వచ్చి కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన నవ్వడం లేదు. "అక్కా, ఇప్పుడు వస్తున్నంతసేపూ నీ మొహం నాకు కనబడలేదు. ఆ రోజూ అంతే. వ్యాను చూసి, నువ్వు నన్ను చూశావనేసుకున్నాను."

"అంటే మీరు వ్యానుకి చెయ్యూపారన్నమాట," అన్నాను నేను.

"నువ్వూ ఊపావుగా!"

"ఇద్దరూ ఇద్దరే. మీ పెళ్ళి ఎవరు చేశార్రా?" అని వదిన ముక్కు చీదింది. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒరేయ్, బాగా విను. నా కళ్ళు నీకు కనబడకపోతే, నువ్వు నాకు కనబడనట్టే. అప్పుడు నేను అక్కనీ కాదు, చుట్టాన్నీ కాదు. బ్రేకుల్లేని లారీ అనుకుని ఆగిపో."

మళ్ళీ చేశాం. ఈసారి ఆయన మధ్యలో కాస్త వేగం తగ్గించారు. తగ్గించగానే కమ్మీ చాటునుంచి బయటపడ్డారు. ఇంకోసారి రోడ్డు మధ్యలోకి జరిగినట్టు కొంచెం పక్కకి జరిగి వచ్చారు. అప్పుడూ బయటపడ్డారు. వదిన మాత్రం గింజలు వెతికే కోడిలా తల ముందుకీ వెనక్కీ ఆడిస్తూ నేర్చుకుంది. అది చూసి బేకరీ వెనక గుమ్మంలో చేరినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "నవ్వండి, నవ్వండి," అంది వదిన, తల ఆడిస్తూనే.

తాళాలు మాత్రం జేబులోనే ఉంచుకుంది. ఇవ్వలేదు, అలాగని ఉంటానని కూడా అనలేదు. "సోమవారం రొట్టెలతో దుకాణాల లైను వేసి చూస్తాను. భయం వేస్తే అక్కడే ఆపేసి, నడుచుకుంటూ వచ్చేస్తా."

సోమవారం ఆఫీసుకి ఆలస్యమవుతుందని చెప్పి నేను వదిన పక్కన ఎక్కాను. మా ఆయన ఒక్కరే బైకు మీద ముందే వెళ్ళిపోయారు. ఆయన్ని ఒక్కర్నీ పంపడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. వెనక పెట్టెల్లోంచి వేడి రొట్టెల వాసన మెడ మీదికి వస్తోంది.

మేం పడ్డ ఆ కూడలి దగ్గర వదిన వ్యాను ఆపింది. అటు చూసింది, ఇటు చూసింది. తల ముందుకి వంచింది, వెనక్కి లాగింది, మళ్ళీ వంచింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. "అమ్మా, ఫోటో దిగుతున్నావా?" అని ఒక కేక.

వదిన కదల్లేదు. బుగ్గలు ఎర్రబడ్డాయి. కాలు బ్రేకు మీదే ఉంది. ఇక తలుపు తీసి దిగిపోతుందేమోనని నాకు భయం వేసింది.

అప్పుడు కమ్మీ పక్కనుంచి ఒక స్కూటరు జారుకుంటూ బయటికొచ్చింది. నడిపేది ఎవరో పెద్దాయన, కాళ్ళ దగ్గర కూరగాయల సంచీ. ఆయనెవరో మాకు తెలీదు. వేగం తగ్గించి, వ్యానుని కాదు, అద్దంలోంచి నేరుగా వదిన మొహాన్ని వెతుక్కున్నాడు. వదిన చెయ్యెత్తి, వెళ్ళమన్నట్టు తల ఊపింది. ఆయన కూడా తల ఊపి, మా ముందునుంచి నిమ్మళంగా దాటి వెళ్ళిపోయాడు.

వదిన ఆయన మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"చూశావా?" అంది నాతో, చిన్నపిల్లలా. "కనబడ్డాడే!"

"కనబడ్డాడు వదినా."

వెనక హారన్ మళ్ళీ మోగింది. వదిన కిటికీలోంచి తల బయటపెట్టి, "వస్తున్నానయ్యా, నీ పెళ్ళికేమన్నా ఆలస్యమవుతోందా!" అని అరిచి, ఇంకోసారి అటూ ఇటూ తల ఆడించి చూసి, గేరు వేసింది.