మనుషులతో సహా అమ్మేసిన ఇల్లు

మేం కాఫీ గంపలతో గుట్ట దిగి వచ్చేసరికి నెరెయిద అవ్వ పరుపు బురదలో పడి ఉంది. పొయ్యి బోర్లా పడి ఉంది. చిరిగిన సంచిలోంచి కందులు వాననీళ్లలో కొట్టుకుపోతున్నాయి. ఇద్దరు పోలీసులు నడుం పట్టీల్లో వేళ్లు దోపుకుని నిలబడ్డారు. ఇళ్లు అమ్మే కంపెనీ మనుషులు ఆమె మంచం కాళ్లు ఊడదీస్తున్నారు. పక్కనే ఇళ్ల బేరగాడు క్రిస్పిన్ గొడుగు పట్టుకుని ఉన్నాడు, తన ఒక్కడి నెత్తికే.

ఈ ఇల్లు అమ్ముడుపోయిందని, కొన్న దొర ఆదివారం వస్తున్నాడని చెప్పాడు. అమ్మిందెవడు? ఒకప్పటి కాఫీతోట యజమాని మనవడు. రాజధానిలో చల్లటి గదిలో ఉంటాడు. మా సెర్రో గ్రిస్ గుట్ట తూర్పున ఉందో పడమరన ఉందో వాడికి తెలియదు. గుట్ట మొత్తాన్ని, దాని మీది ఇళ్లను, ఇళ్లలోని మనుషులను కలిపి ఒక్క మాటతో బేరగాళ్లకు అమ్మేశాడు. దొర ఈ ఇంటిని వాళ్ల దగ్గర ఫోనులో బొమ్మ చూసి కొన్నాడు. ఆ బొమ్మలో మంచు ఉంది, అరటిచెట్లు ఉన్నాయి. నెరెయిద అవ్వ లేదు.

ఈ ప్యూర్టోరికో గాలివానల సంగతి, పట్నంలో చదువుకునే పిల్లలారా, మీకు పత్రికల్లో తెలుసు. మొన్నటి పెద్ద గాలివానకు అవ్వ ఇంటి కప్పు లోయలో పడింది. ప్రభుత్వం ఏం పంపింది? ఒక ప్లాస్టిక్ పట్టా, మేయరు ఉపన్యాసం. పట్టా వారంలో చిరిగింది. ఉపన్యాసం మాత్రం ప్రతి ఎన్నికకూ కొత్తగానే వస్తోంది. లోయలోంచి రేకులు మోసుకొచ్చి కప్పు వేసింది మేమే. సర్కారు గొట్టాలు ఇంత ఎత్తుకు రావని చెబితే, పైనున్న ఊట నుంచి నీళ్లు తెచ్చుకుందీ మేమే.

మర్నాడు మూతపడిన బడిలో కూర్చున్నాం. పిల్లలు తక్కువని సర్కారు దానికి తాళం వేస్తే, తాళం పగలగొట్టి మా సభలు అక్కడే పెట్టుకుంటున్నాం. మొదట లేచింది మా గుట్ట కుర్రాడు విల్‌ఫ్రిదో. దొర ఇంటికి కాపలా ఉద్యోగం ఇస్తానని క్రిస్పిన్ వాడికి ఆశ చూపాడు. దొరలొస్తే రోడ్డు బాగుపడుతుందని, పని దొరుకుతుందని, అవ్వ ఎలాగూ ముసలిదని విల్‌ఫ్రిదో చెప్పుకొచ్చాడు. కొందరు తలలూపారు. పని కరువు మా గుట్ట మీద ఎవరికి లేదు?

అప్పుడు యూదేలియా లేచింది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి మా గుట్ట ఎక్కి వచ్చిన మనిషి. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు.

"పని దొరుకుద్ది తమ్ముడూ, నాకూ దొరికింది," అంది. "మా వీధి మొత్తం కొనేశారు. మా ఇంటిని యాత్రికుల బస చేశారు. నన్నే పనికి పెట్టుకున్నారు. మా అమ్మ చచ్చిపోయిన గదిలో ఎవరెవరికో పక్కలు పరిచా. దుప్పటి ముడత పడితే చీవాట్లు. ఆ ఉద్యోగమేనా నువ్వడిగేది?"

విల్‌ఫ్రిదో కూర్చున్నాడు. ఆ తర్వాత చాలాసేపు అరుచుకున్నాం. పోలీసులొస్తే ఏం చేస్తామని కొందరు, చట్టం వాళ్లదే కదా అని కొందరు. చివరికి తేలింది ఇది: అవ్వ తన ఇంట్లోకి తిరిగి వెళుతుంది, మనమూ వెళదాం. మన ఊట నీళ్లు బేరగాళ్లు అమ్మిన ఇంటికి వెళ్లవు. వాళ్ల మూట మోసే చెయ్యి, వాళ్ల బట్ట ఉతికే చెయ్యి ఈ గుట్ట మీద ఉండదు.

ఆదివారం దొర వచ్చాడు, కొత్త బూట్లు, పక్కన భార్య. అప్పటికే తాళం పగలగొట్టి మేం లోపల ఉన్నాం; ఇంటి నిండా, వాకిటి నిండా జనం. పెద్ద గంగాళంలో అవ్వ కందులన్నం వండుతోంది. అది తనకు స్వాగత విందనుకున్నాడు ఆ మహానుభావుడు. మురిసిపోయి అందరినీ ఫొటో తీశాడు. క్రిస్పిన్ ముఖం మాత్రం పాలిపోయింది.

ఈత కొలను ఎక్కడ తవ్వించాలో దొర చేత్తో చూపిస్తున్నాడు. హోటళ్లలో పనిచేసి వాళ్ల భాష నేర్చిన యూదేలియా మాకు చెబుతూ వచ్చింది. నీళ్లెక్కడివని మా తరఫున అడిగింది. అవి ఇంటితో పాటు వస్తాయి కదా అన్నాడు. రావని చెప్పింది. అప్పుడు కాస్త అర్థమైంది వాడికి. తనకు కొండ జనమంటే ఎంతో ఇష్టమని, అవ్వ కావాలంటే వెనక షెడ్డులో ఉండి వంట చేసి పెట్టవచ్చని దయ చూపించాడు.

యూదేలియా చెప్పింది విని అవ్వ గరిటె కూడా దించలేదు.

"నా ఇంట్లో నాకు చోటిస్తాడంటనా?" అంది. "తిని పొమ్మను. ఆకలేసి ఉంటాడు, అందుకే అట్లా మాట్లాడుతున్నాడు."

జనం నవ్విన నవ్వుకు దొర భార్య కారెక్కి అద్దాలు ఎత్తుకుంది. క్రిస్పిన్ ఫోను చేశాడు. గాలివానకు నెలల తరబడి రాని సర్కారు, దొర ముఖం చిన్నబోయిందంటే గంటలో వచ్చేసింది. అవ్వ రెక్క పట్టుకుని లాక్కెళ్లి జీపెక్కించారు. అడ్డం పడిన యూదేలియా చేతులకు బేడీలు వేశారు.

క్రిస్పిన్ కొత్త తాళం తీసి విల్‌ఫ్రిదో చేతిలో పెట్టాడు. మిగిలిన వాళ్లను బయటికి తోలి తలుపు మూయమన్నాడు. ఇవాళ్టి నుంచే ఉద్యోగమన్నాడు. మేమంతా వాడినే చూస్తున్నాం. వాడు తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని లోయలోకి విసిరేసి, లోపలికి నడిచి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నం అడుగంటుతోంది," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

జీపులోంచి అవ్వ కేక వేసింది: "ఉప్పు చూసి వెయ్యి రా!"

మేం ఒక్కొక్కరం లోపలికి వెళ్లి కూర్చున్నాం. గదులు నిండాయి, వసారా నిండింది. సార్జెంటు మరో జీపు కావాలని, తర్వాత ఇంకా కావాలని ఫోనులో బతిమాలుకున్నాడు. మమ్మల్ని పట్టడానికి చాలినన్ని జీపులు ఆ జిల్లాలో లేవు. చీకటి పడక ముందే దొర కారు గుట్ట దిగిపోయింది. దాని వెనకే క్రిస్పిన్.

వాళ్ల దుమ్ము అణగక ముందే అవతలి గుట్ట నుంచి మనిషి వచ్చాడు. అక్కడా ఇళ్లు అమ్మారట, రేపు ఖాళీ చేయిస్తారట. అవ్వనూ యూదేలియానూ విడిపించడానికి కొందరు ఠాణా దారి పట్టారు. విల్‌ఫ్రిదో అన్నం పొట్లాలు కట్టాడు. ఇంటి నిండా జనాన్ని ఉంచి, మిగిలిన మేం అవతలి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం.